రెండు నంబర్ల నెత్తురు

"నూట ముప్పై ఒకటి" అని నర్సు పిలవగానే ఇద్దరూ లేచారు. "ఒక్కరే రావాలమ్మా" అని నర్సు అంటే ఇదలీనా మళ్ళీ కూర్చుంది, జుల్మీరా లోపలికి వెళ్ళింది, తలుపు మూసుకుంది. ఇక చేసేదేమీ లేదు, కూర్చోవడమే. ఒళ్ళో జుల్మీరా కోటు, దాని మీద జుల్మీరా గొడుగు. గొడుగు తడికి తన గౌను మోకాళ్ళ దగ్గర చల్లగా అంటుకుంటోంది, అయినా తీసి పక్క కుర్చీలో పెట్టబుద్ధి కావడం లేదు. లోపల డాక్టరమ్మ చెప్పబోయేది ఇదలీనా నెత్తురు సంగతి, వినబోయేది జుల్మీరా. ఇంత తిరకాసు పని ఎవరైనా చేతులారా చేసుకుంటారా అంటే వీళ్ళిద్దరూ చేసుకున్నారు, నవ్వుకుంటూ మరీ చేసుకున్నారు, పది నెలల కిందట, బిరడాల ఫ్యాక్టరీ భోజనాల గదిలో. ఒకరికి బదులు ఒకరు. అదేమన్నా కొత్తా? ఇరవై ఏడేళ్ళుగా అదే పని. జుల్మీరాకి బస్సు తప్పితే ఆమె కార్డు ఇదలీనా గడియారంలో గుద్దేది, ఇదలీనా తల్లికి జ్వరం వస్తే ఆమె కార్డు జుల్మీరా గుద్దేది. ఒకరు లేచి వెళితే రెండో మనిషి బెల్టుకి రెండు వైపులా ఏరేది, ఒక్క బిరడా కూడా తప్పు బుట్టలో పడేది కాదు. మేస్త్రీ బెల్మీరుకి తెలియదా, తెలుసు, చూసీ చూడనట్టు పోయేవాడు. ఇదీ అట్లాంటిదే అనుకున్నారు, రెండు వైపులా ఏరడం లాంటిదే అని. నెత్తురు బిరడా కాదని ఆ రోజు ఎవరికి తట్టింది?

బొటనవేలు ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ అదే వాసన, ఆదివారం రెండు సార్లు సబ్బు పెట్టి రుద్దినా పోని వాసన, తడిసిన బెరడూ దుమ్మూ కలిసినది. చెట్టు బెరడు తొమ్మిదేళ్ళకోసారి ఒలుస్తారు, ఉడకబెడతారు, ఆరబెడతారు, తొలిచి బిరడాలు చేస్తారు, అప్పుడవి బెల్టు మీద దొర్లుకుంటూ ఇదలీనా ముందుకి వస్తాయి. ఆమె పని చూడటం. ఏడు బుట్టలు. చిల్లు ఉంటే ఒకదాంట్లో, పురుగు తిన్న గీత ఉంటే ఇంకోదాంట్లో, పచ్చ మరక ఉంటే కిందికి, ఏ లోపమూ లేనిది పై బుట్టలోకి, అది ఎవరో పెద్దింటి పెళ్ళి బల్ల మీద సీసాలోకి వెళుతుంది. కన్ను రెప్ప వేసేలోపు తేల్చాలి, ఆలోచించకూడదు, ఆలోచిస్తే చెయ్యి ఆగిపోతుంది. బెల్టుకి ఈ పక్క తను, ఆ పక్క జుల్మీరా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడుకుంటూనే ఉంటారు గానీ ఒకరి ముఖం ఒకరు చూసుకునేది తక్కువ. కళ్ళు బిరడాల మీద ఉంటాయి, బిరడాల అవతల ఎదుటి మనిషి చేతులుంటాయి. జుల్మీరా చేతుల్ని చూసి ఆమె ఇంట్లో ఏం జరిగిందో చెప్పగలదు ఇదలీనా. కోపమైతే బిరడాల్ని బుట్టలోకి విసురుతుంది. దిగులైతే ఒకే బిరడాని రెండు సార్లు తిప్పి చూస్తుంది. పెద్ద కూతురికి కడుపు నిలిచిందన్న రోజు ఏ బిరడానైనా పై బుట్టలోనే వేసేసింది, మేస్త్రీ వచ్చి మొత్తం కిందికి దిమ్మరించాడు. అంత నవ్వు మళ్ళీ ఎప్పుడూ నవ్వలేదు ఇద్దరూ.

గోడ మీది గడియారం పదీ నలభై. లోపలికి వెళ్ళి ఎంతసేపయింది, ఐదు నిమిషాలా, ఇరవయ్యా, చూసి పెట్టుకోవాల్సింది. ఎదురు కుర్చీలో ఒక ముసలాయన టోపీ మోకాలికి తగిలించుకుని కునుకు తీస్తున్నాడు. ఈయన్నీ లోపలికి పిలుస్తారు కాబోలు, ఈయనకీ ఒక నంబరుంటుంది. మీ పేరు తీసేస్తాం, నంబరే ఉంటుంది, పేర్లు వేరే బీరువాలో తాళం వేసి ఉంటాయి, ఏమైనా తేలితే తప్ప ఎవరి నెత్తురో మాకు కూడా తెలియదు అని చెప్పింది ఆ రోజు డాక్టరమ్మ. ఇదే డాక్టరమ్మ, పొడుగ్గా, సన్నగా, తన చేతిలోని కాగితాలకి తనే భయపడుతున్నట్టుండే పిల్ల. భోజనాల గదిలో బల్లలన్నీ ఒక పక్కకి జరిపి అందర్నీ నిలబెట్టి నాలుగు పేజీలు చదివింది. ఒకే గదిలో ఒకే దుమ్ము పీలుస్తారు, ఒకరి ఊపిరితిత్తులు బిగుసుకుపోతాయి, ఇంకొకరికి తుమ్మైనా రాదు, ఎందుకు? పుట్టుకతో వచ్చే తేడా ఏదైనా ఉందా? అది తేల్చడానికి మీ నెత్తురు కావాలి. ఇష్టం లేకపోతే ఇవ్వక్కర్లేదు, ఎందుకివ్వరని ఎవరూ అడగరు, ఫ్యాక్టరీకి ఏ సంగతీ చేరదు. ఆ మాటలు ఆమె నిజంగానే నమ్మి చెప్పింది, పాపం, ముఖం చూస్తే తెలుస్తోంది. ఆమె భుజం పక్కనే మేస్త్రీ బెల్మీరు నిలబడి ఉన్నాడు, చేతిలో అందరి పేర్ల జాబితా, చెవి మీద పెన్సిలు. ఇచ్చినవాళ్ళ పేరు పక్కన గీత పెడుతున్నాడు. ఎందుకివ్వలేదని ఎవరూ అడగరట. నిజమే, అడగలేదు. గీత లేని పేర్లు చూసుకున్నారు, అంతే.

జుల్మీరాకి సూదంటే చచ్చే భయం. రెండో కాన్పులో సూది చూసి కళ్ళు తిరిగి పడితే నుదుటి మీద మూడు కుట్లు పడ్డాయి, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఇవ్వనని చెప్పెయ్యవే అంది ఇదలీనా. ఎట్లా చెబుతుంది? ఆమె మొగుడు మేడ కట్టే పనిలో పైనుంచి పడి నడుం విరిగి మంచంలో ఉన్నాడు, ఆ ఇల్లు ఆమె రెండు చేతుల మీద నడుస్తోంది, మేస్త్రీ జాబితాలో గీత లేకుండా ఉండగలిగే మనిషి కాదు ఆమె. అప్పుడే వచ్చింది ఆ మాట, ఎవరు ముందు అన్నారో కూడా గుర్తు లేదు, కాదు, గుర్తుంది, జుల్మీరాయే అంది.

"నువ్వే వెళ్ళవే నా బదులు. నీ నరాలు తాళ్ళలా ఉంటాయి, నర్సుకీ సుఖం."

"నా ఒంట్లో ఎంతుందనుకున్నావు, నీళ్ళ ట్యాంకా?"

"మధ్యాహ్నం నర్సు మారుతుంది. పొద్దున ఎడమ చెయ్యి ఇచ్చావుగా, ఇప్పుడు కుడి చెయ్యి ఇవ్వు. వారం రోజులు నీకు సూపు నేనే తెస్తాను పో."

"నీ సూపు తాగితే ఉన్న నెత్తురు కూడా పోతుంది."

ఫ్యాక్టరీ బిళ్ళ చూపిస్తే చాలు, బిళ్ళ మీద ఫోటో ఉండదు. పొద్దున నూట పద్నాలుగు, మధ్యాహ్నం నూట ముప్పై ఒకటి. పొడుగు చేతుల చొక్కా కిందికి లాక్కుని బయటికి వచ్చింది. జుల్మీరా బెల్టుకి రెండు వైపులా ఏరుతూ తలెత్తకుండానే కన్ను గీటింది. కాగితం చివర రెండు గడులున్నాయి, ఏమైనా తేలితే మీకు చెప్పాలా, వద్దా అని. ఇదలీనా తన కాగితంలో వద్దు అన్న గడిలో గీత పెట్టింది. జుల్మీరా కాగితం జుల్మీరాయే నింపింది, చెప్పాలి అన్న గడిలో పెట్టింది, నా దగ్గర ఏదైనా దాచడం నాకు నచ్చదే అంటూ. ఎవరి నెత్తురు గురించి చెప్పమంటున్నావే పిచ్చిదానా అని అప్పుడు అడగాల్సింది. అడగలేదు. ఆ కాగితాలు అంత గట్టివని అనుకోలేదు.

మరి నువ్వెందుకు వద్దన్నావు అని ఆ సాయంత్రం బస్సులో అడిగింది జుల్మీరా. నాన్న వల్ల అని చెప్పింది ఇదలీనా. అది సగం నిజం. నాన్న అర్మిందు తొలిచే యంత్రాల దగ్గర పనిచేసేవాడు, అప్పుడు ముక్కుకి గుడ్డ కూడా కట్టుకునేవాళ్ళు కాదు, దుమ్ము కడిగేస్తుందని రోజుకో లీటరు పాలు తాగేవాడు. సోమవారం సాయంత్రం జ్వరం వచ్చేది, శనివారానికి తగ్గేది, ఆదివారం చర్చిలో పూజకి వెళ్ళి పాటలు పాడేవాడు, మళ్ళీ సోమవారం జ్వరం. తర్వాత పాట పోయింది. తర్వాత మెట్లెక్కడం పోయింది. ఆఖరి రెండేళ్ళూ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఊపిరిని ఒక్కొక్కటే లెక్కపెట్టి వాడుకున్నట్టు పీల్చేవాడు. మాట్లాడాలంటే ఊపిరి ఖర్చవుతుందని చేత్తోనే సైగ చేసేవాడు, నీళ్ళు, దుప్పటి, దీపం ఆర్పు. పక్కనే కూర్చుని ఆయన ఛాతీని చూసేది ఇదలీనా, అప్పటికి తనకి ఇరవై నాలుగు. ఒకతను ఆదివారాలు వచ్చి గేటు దగ్గర నిలబడేవాడు, బస్సు కండక్టరు, నాన్న పోయాక చూద్దాం అంది, నాన్న పోయాడు, అమ్మ పోయేదాకా ఆగమని ఎవరంటారు, అతను వేరే గేటు చూసుకున్నాడు. బాధ పడిందా? పడింది, ఎందుకు పడదు, కానీ అప్పుడు చేతి నిండా పని ఉండేది. నాన్నతో అదే గదిలో ముప్పై ఏళ్ళు పనిచేసిన ఇంకో ఇద్దరు ఇప్పటికీ చౌరస్తాలో చీట్లాడుతున్నారు, ఎనభై దాటినవాళ్ళు. దుమ్ము ఒకటే. తేడా ఎక్కడుందో ఇదలీనాకి ఏ డాక్టరూ చెప్పక్కర్లేదు, ముప్పై ఏళ్ళ కిందటే అనుమానం.

ఇక మిగతా సగం నిజం, అది జుల్మీరాకి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే లేవాలి. దుమ్ములో కూర్చోకూడదు అంటారు, బెల్టు దగ్గర నుంచి లేవాలి, లేచి ఎక్కడికి పోతుంది? ఇంటికా? ఇంట్లో ఏముంది, అమ్మ పోయి మూడేళ్ళు, ఇద్దరి కోసం కొన్న కుండలో ఒక్కరికి సూపు కాచుకుంటే నాలుగు రోజులు వస్తుంది, నాలుగో రోజు రుచే ఉండదు. తాళం తీసి లోపలికి అడుగుపెట్టగానే రేడియో పెడుతుంది, అందులో ఎవరో అపరిచితుడు శుభ సాయంత్రం అంటాడు, ఒక్కోసారి ఆమె పైకే జవాబు చెబుతుంది. క్రిస్మస్‌కి జుల్మీరా పిలుస్తుంది, ఉప్పు చేపా బంగాళాదుంపలూ, పిల్లలూ, అత్తగారూ, కుక్కా, అరుపులూ, ఆ ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినిపించదు. బాగుంటుంది. బాగుండటమే వచ్చిన చిక్కు, తర్వాత చీకట్లో ఒక్కతే నడిచి వచ్చి తన తలుపు తీసుకునేటప్పుడు తాళం చప్పుడు చెంప మీద కొట్టినట్టుంటుంది. ఆమెకి ఎవరూ లేరు అని ఊళ్ళో అంటారు. అది తప్పు. ఆమెకి రోజుకి ఎనిమిది గంటలు ఎదురుగా రెండు చేతులున్నాయి. అవి పోగొట్టుకోవడం కన్నా దుమ్ము పీల్చడమే నయం అనుకుంది, అనుకునే వద్దన్న గడిలో గీత పెట్టింది. తెలియకపోతే లేవక్కర్లేదు. ఇంత చిన్న లెక్క.

ఉత్తరం జుల్మీరా ఇంటికి వచ్చింది. మీ పరీక్షలో మీతో ముఖాముఖి మాట్లాడవలసిన సంగతి ఉంది, మీ గుర్తింపు కార్డుతో రండి. రెండే వాక్యాలు, కింద సంతకం. మరునాడు బెల్టు దగ్గర దాన్ని బుట్టల మీదుగా అందించింది జుల్మీరా. "ఇదిగో నీ ఉత్తరం" అంది, నవ్వబోయింది, నవ్వు రాలేదు. ఆసుపత్రికి వెళ్ళాలంటే సెలవు చీటీ కావాలి, చీటీ మీద ఏ విభాగమో రాయాలి, చీటీ మేస్త్రీ చేతికి ఇవ్వాలి. ఫ్యాక్టరీకి ఏ సంగతీ చేరదట. విభాగం పేరు చదవగానే బెల్మీరు కనుబొమ్మలు పైకి లేచాయి. నీ మంచికే అన్నాడు, చాలా మర్యాదగా, ముందెన్నడూ లేనంత మర్యాదగా. మరునాడు పొద్దున జుల్మీరాని బెల్టు దగ్గర నుంచి లేపి లేబుళ్ళ గదికి పంపించాడు. ఎవరూ ఏమీ తేల్చకముందే. లేబుళ్ళ గదికి వెళ్ళినవాళ్ళు ఎవరూ ఏడాది తిరిగాక ఫ్యాక్టరీలో కనపడరు, అందరికీ తెలుసు, దగ్గేవాళ్ళూ, చూపు మందగించినవాళ్ళూ అక్కడికి వెళతారు, తర్వాత వాళ్ళతో పని లేదంటారు. జుల్మీరాకి దగ్గు కూడా లేదు. ఎద్దులా ఉంటుంది. ఆమె మొగుడి మందులు, ఆమె చిన్న కూతురి చదువు, ఆమె అత్తగారి పళ్ళ సెట్టు, అన్నీ ఇప్పుడు ఇదలీనా కుడి చేతిలోంచి తీసిన ఒక సీసాడు నెత్తురు మీద వేలాడుతున్నాయి.

తొమ్మిది రోజులైంది. ఎదురుగా ఒక కొత్త పిల్లని కూర్చోబెట్టారు, చెవుల్లో పాటలు పెట్టుకుని ఏరుతుంది, మంచి పిల్లే, మాట్లాడదు. ఆ చేతుల్ని చూస్తే ఏమీ తెలియదు. మొదటి రోజు మాట్లాడబోయి ఆగిపోయింది ఇదలీనా, రెండో రోజు ఒక బిరడా మీద అచ్చం పందిపిల్ల ముఖంలా మచ్చ ఉంటే చూడవే అని పైకెత్తింది, ఎత్తాక గుర్తొచ్చింది. తొమ్మిది రోజులుగా నోరు తెరవకపోవడం వల్ల సాయంత్రానికి గొంతు తుప్పు పట్టినట్టవుతోంది. లేవకూడదని కదా తెలుసుకోనంది, మరి ఇప్పుడేమైంది, తను లేవలేదు, ఎదుటి మనిషి లేచింది. అన్యాయం అనడానికి కూడా నోరు రాదు, చేసింది ఎవరని? నిన్న సాయంత్రం జుల్మీరా వచ్చి రేపు నాతో రా అంది, ఒక్క మాట కూడా దెప్పలేదు. నీ వల్లే అని ఒక్కసారి అరిచి ఉంటే బాగుండేది. పొద్దున బస్సులో కిటికీ పక్క సీటు తనకే ఇచ్చింది, రొట్టె విరిచి చౌరీసు మాంసం ముక్క పెట్టి ఇచ్చింది, దారి పొడుగునా అల్లుడి కారు గురించి మాట్లాడింది.

చెప్పెయ్యాలి. లేచి తలుపు కొట్టి ఇప్పుడే చెప్పెయ్యాలి. ఏమని? ఆ నెత్తురు నాది అని. అప్పుడు డాక్టరమ్మ చెబుతుంది, నాన్న కుర్చీ, కిటికీ, లెక్కపెట్టుకున్న ఊపిరి, అన్నీ తనవని చెబుతుంది. ఆ సంగతి ఒకసారి చెవిన పడితే మళ్ళీ బయటికి తీయలేం. చెప్పకపోతే? జుల్మీరా లేబుళ్ళ గదిలో, తర్వాత ఇంట్లో. తన ఎదుట పాటలు వినే పిల్ల. ఎట్లా తిప్పి చూసినా జుల్మీరా చేతులు తనకి దక్కవు, ఆ సంగతి ఇప్పుడే, ఈ ప్లాస్టిక్ కుర్చీలో, ఇంత తేటగా తెలిసింది. దక్కనప్పుడు ఇంకా దేనికి భయం? అయినా భయమే. కుర్చీలోంచి లేవలేదు. అసలు ఏమీ ఉండకపోవచ్చు కదా, మంచి సంగతి కూడా ముఖాముఖి చెప్పవచ్చు కదా, మీ నెత్తురు బంగారం అమ్మా అనడానికి పిలిచారేమో. ముసలాయన కునుకులోంచి తెప్పరిల్లి టైమెంత తల్లీ అని అడిగాడు. పదకొండూ ఐదు అని చెప్పింది. ఆయన థాంక్స్ చెప్పి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఇవాళ తను మాట్లాడిన మూడో మనిషి.

తలుపు తెరుచుకుంది. ఇదలీనా తల దించుకుంది. జుల్మీరా బూట్లు వచ్చాయి, ఎదురుగా ఆగాయి. ముఖం చూడకూడదు అనుకుంది, చూడలేదు, కానీ చేతులు కళ్ళ ఎదుటే ఉన్నాయి, వాటినెట్లా చూడకుండా ఉంటుంది? ఆ చేతులు ఉత్తరాన్ని ఒకసారి తిప్పాయి. మళ్ళీ తిప్పాయి. మళ్ళీ.

"పద, కడుపు మాడిపోతోంది. పన్నెండింటి బస్సు దొరుకుతుంది."

"ఏమంది?"

"ఏమంటుంది, ఏవేవో అంది. నాకేం అర్థమైంది గనక."

"జుల్మీరా."

"నువ్వు వద్దన్న గడిలో గీత పెట్టుకున్నావా లేదా? పెట్టుకున్నావు. మరి నన్నడక్కు." కోటు తీసుకోవడానికి చెయ్యి చాచింది, చాచిన చేతిని సగంలో ఆపింది. "ఆ లేబుళ్ళ గది అనుకున్నంత చెడ్డదేం కాదే. పెద్ద కిటికీ ఉంది, దుమ్ము లేదు. నువ్వూ అడుగు బెల్మీరుని. ఇద్దరం పక్కపక్కన కూర్చుందాం, ఎదురూ బొదురూ కూర్చుని ఏం బావుకున్నాం ఇన్నాళ్ళూ."

ఇదలీనా లేచింది. కోటూ గొడుగూ ఆమె చేతుల్లో పెట్టి, "ఇక్కడే ఉండు" అంది. వెనక నుంచి "ఏయ్, ఎక్కడికే, ఇదలీనా" అని గొంతు వినిపించింది, భయపడిన గొంతు. తలుపు కొట్టకుండానే తీసుకుని లోపలికి వెళ్ళింది.

డాక్టరమ్మ తలెత్తి చూసి నవ్వింది, అలసిపోయిన నవ్వు. "మీరేనా చెల్లెలు? ఆవిడ చెప్పారు, బయట కూర్చున్నది మా చెల్లెలేనని. మీది నూట పద్నాలుగే కదా? మేం ఎన్ని రోజులు తల పట్టుకున్నామో తెలుసా, రెండు నంబర్లు, పోగు పోగునా ఒకటే నెత్తురు. ఒకే మనిషి రెండు సార్లు ఇచ్చి ఉండాలి, లేదా కవలలై ఉండాలి. అడిగితే కవలలమేనని చెప్పారు. తనే పది నిమిషాలు పెద్దట. కూర్చోండి. కానీ మీరు వద్దన్న గడిలో గీత పెట్టారు, కాబట్టి నేను మీకేమీ చెప్పకూడదు, మీరు మనసు మార్చుకుంటే తప్ప."

చెల్లెలు. ఇదలీనా నిలబడే ఉంది. యాభై రెండేళ్ళలో ఆమెని ఎవరూ అట్లా అనలేదు, ఒక్కగానొక్క పిల్లగా పుట్టింది, అట్లాగే పెరిగింది. పది నిమిషాలు పెద్దట, దొంగపీనుగు, నిజానికి ఇదలీనాయే నాలుగు నెలలు పెద్ద, దాని గురించి ఇరవై ఏడేళ్ళుగా కీచులాట, ఇక్కడా పెద్దరికం వదలలేదు. నవ్వొచ్చింది, నవ్వు వెనకే కళ్ళలోకి నీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళలోనే మొత్తం తెలిసిపోయింది. నెత్తురులో ఏమీ లేకపోతే జుల్మీరా అంత అబద్ధం ఆడేది కాదు. ఉంది. నాన్నకున్నదే ఉంది. అది విని, ఆ గదిలో ఒక్కతే కూర్చుని, ఇదలీనాని ఒంటరిగా లేబుళ్ళ గదికి పంపడం ఇష్టం లేక, ఆ జబ్బుని తన ఒంటి మీద కూడా వేసుకుని వచ్చింది, మంచంలో మొగుణ్ణి పెట్టుకుని. ఇప్పుడు ఊరుకుంటే చాలు. ఒక్క మాట మాట్లాడకుండా ఆ కుర్చీలో కూర్చుంటే చాలు, ఆసుపత్రి కాగితాల్లో ఇదలీనాకి ఒక అక్క ఉంటుంది, పెద్ద కిటికీ పక్కన ఇద్దరూ లేబుళ్ళు అంటిస్తారు, ఏడాదో రెండేళ్ళో. ఎవరు కాదంటారు? కూర్చోవాలనిపించింది. దేవుడా, ఎంత కూర్చోవాలనిపించిందో.

సంచీలోంచి గుర్తింపు కార్డు తీసి, వెనక వైపు పైకి తిప్పి, బల్ల మీద పెట్టింది. "ఇందులో మా అమ్మా నాన్నల పేర్లున్నాయి చూడండి. ఆమె కార్డు కూడా అడిగి చూడండి, వేరేవాళ్ళు. రెండు సార్లూ ఇచ్చింది నేనే. పొద్దున ఎడమ చెయ్యి, మధ్యాహ్నం కుడి చెయ్యి. ఆమె సూది దగ్గరికే రాలేదు. నూట ముప్పై ఒకటి కొట్టేయండి."

డాక్టరమ్మ కార్డు మీది పేర్లు చదివింది. "ఎందుకిట్లా చేశారమ్మా?"

"మేస్త్రీ చేతిలో జాబితా ఉంది."

"ఎవర్నీ బలవంతపెట్టొద్దని నేను చెప్పానే."

"మీరు చెప్పారు. ఆయన మీ పక్కనే నిలబడ్డాడు. ఫ్యాక్టరీకి తెలియదనీ చెప్పారు. సెలవు చీటీ మీద మీ విభాగం పేరుంది, అది చూసి ఆమెని లేపేశారు. ఆమెకి అసలు పరీక్షే జరగలేదని ఒక కాగితం రాసివ్వండి. ఆమె చోటు ఆమెకివ్వాలి."

డాక్టరమ్మ ముఖం ఎర్రబడింది. పెన్ను తీసుకుంది, తన జాబితాలో నూట ముప్పై ఒకటి దగ్గర పెన్ను పెట్టి ఆగింది. "ఇది కొట్టేస్తే ఇక మీ ఒక్కరి నంబరే మిగులుతుంది. తెలుసు కదా?"

"తెలుసు."

"ఆవిడ మీ అక్క కాకపోతే, మరి మీకేమవుతారు?"

తలుపుకి అవతల జుల్మీరా నిలబడి ఉంది, గొడుగు కొన నేలకి తగిలిన చప్పుడు వినిపించింది. ఇదలీనా కార్డు తీసుకుని సంచీలో పెట్టుకుంది.

"ఏమీ కాదు డాక్టరుగారూ. ఎదురుగా కూర్చునేది, అంతే."